కొంగు ముడిలో పొట్లం: సోడియం 114తో వచ్చిన ఒక మెట్ట ఊరి కేసు

ఒంగోలులో జనరల్ మెడిసిన్ ప్రాక్టీసు చేసేవాళ్ళకి సోడియం పడిపోయిన కేసు కొత్తేమీ కాదు. ఎండాకాలం మొదలైతే వారానికి ఇద్దరు ముగ్గురు వస్తూనే ఉంటారు. బీపీ బిళ్ళలో మూత్రంతో ఉప్పును బయటికి పంపే హైడ్రోక్లోరోథయాజైడో క్లోర్‌థాలిడోనో కలిసి ఉంటుంది. నాలుగు రోజులు అన్నం సయించదు, పలచటి మజ్జిగ తాగి పడుకుంటారు, ఐదో రోజుకి మాట తడబడుతుంది. బిళ్ళ ఆపి సెలైన్ పెడితే చాలామంది కుదురుకుంటారు. ఇలాంటివి చూసీ చూసీ ఏర్పడిన అలవాటే ఒక రాత్రంతా నన్ను తప్పుదారిన నడిపించింది. ఆ కేసు ఇది. 2023 వేసవిలో జరిగింది. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను, వైద్యానికి సంబంధించినవి మాత్రం మార్చలేదు.

చేరిన రాత్రి

56 ఏళ్ళ ఆవిడ. కనిగిరి నుంచి పామూరు వెళ్ళే దారిలో లోపలికి ఉండే మెట్ట ఊరు. ఒకప్పుడు కూలికి వెళ్ళేది, ఇప్పుడు రెండు గేదెల్ని చూసుకుంటోంది. కూతురి కాన్పుకని నెల్లూరు వెళ్ళి పది రోజులు ఉండి వచ్చింది. అక్కడ ఉండగానే నీరసం పట్టుకుంది, తిండి మీద మనసు పోయింది. ఊరికి వచ్చాక వాంతులు మొదలయ్యాయి, రెండు సార్లు విరేచనాలయ్యాయి. ఊళ్ళో రెండు సీసాల సెలైన్ ఎక్కించారు, వాంతులు ఆగడానికి సూది వేశారు. మూడో రోజు సాయంత్రానికి పిలిస్తే పలికి మళ్ళీ కళ్ళు మూసుకుంటోందని కొడుకు, కోడలు ఆటోలో తీసుకొచ్చారు.

బీపీ 90/60, నాడి 108, జ్వరం 99.4. పేరు అడిగితే చెప్పింది, ఊరు చెప్పింది, ఏ వారమో చెప్పలేకపోయింది. కాళ్ళూ చేతులూ ఆడిస్తోంది, ఫిట్స్ రాలేదు. వేలి మీద పొడిచి చూసిన సుగర్ 62. గంటన్నరలో రిపోర్టులు వచ్చాయి: సోడియం 114, పొటాషియం 4.2, క్లోరైడ్ 84, యూరియా 46, క్రియాటినిన్ 1.4, హిమోగ్లోబిన్ 9.8, తెల్లకణాలు 6,400.

నేను అడిగిన ప్రశ్న ఇది: "ఏమన్నా మందులు వాడుతున్నారా?"

"లేదు సార్. బీపీ లేదు, సుగరు లేదు. మా అమ్మ ఎప్పుడూ ఆసుపత్రి మొహం చూళ్ళేదు," అన్నాడు కొడుకు.

కేసు షీటు మీద ఆ మాటే రాశాను. పైన రోగనిర్ణయం దగ్గర వాంతులు విరేచనాలు, నీరు తగ్గడం, సోడియం తగ్గడం అని రాసి, నార్మల్ సెలైన్ ఒక లీటరు త్వరగా, తర్వాత గంటకి 100 మిల్లీలీటర్లు అని ఆర్డర్ పెట్టాను. 3 శాతం సెలైన్ మంచం పక్కనే సిద్ధంగా ఉంచమన్నాను. ఫిట్స్ వచ్చినా, స్పృహ ఇంకా తగ్గినా వెంటనే 100 మిల్లీలీటర్లు ఇవ్వమని సిస్టర్‌కి చెప్పాను. అలవాటు కొద్దీ మూత్రంలో సోడియం, క్లోరైడ్, ఆస్మలాలిటీ (మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత), రక్తంలో థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ పంపించాను. పంపడమైతే పంపాను కానీ, అవి వచ్చేదాకా ఆలోచనను మాత్రం పక్కన పెట్టేశాను.

కుదరని లెక్కలు

తెల్లవారుజామున నాలుగింటికి సుగర్ 54కి పడింది. డ్యూటీ డాక్టర్ 25 శాతం గ్లూకోజ్ ఇచ్చి నాకు ఫోన్ చేశాడు. సుగర్ జబ్బు లేదు, సుగర్ బిళ్ళలు లేవు, లివర్ పరీక్షలు బాగానే ఉన్నాయి. అలాంటి మనిషికి సుగర్ రెండోసారి ఎందుకు పడాలి? మూడు రోజులు తినలేదు కాబట్టి అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పొద్దున ఆరింటి రిపోర్టు వచ్చాక ఇక సర్దిచెప్పుకోలేకపోయాను. రెండు లీటర్ల నార్మల్ సెలైన్ వెళ్ళాక కూడా బీపీ 88/58, సోడియం 113.

ఆ పూట ఆవిడ మంచం దగ్గరే నిలబడి కాగితాలన్నీ మళ్ళీ మొదటి నుంచి చూశాను. మూత్రంలో సోడియం 58, మూత్ర ఆస్మలాలిటీ 410. ఒంట్లో నీరూ ఉప్పూ నిజంగా తగ్గిపోతే కిడ్నీ సోడియంను పిసినారిలా పట్టుకుని ఉండాలి, మూత్రంలో అది 20, 30 దాటకూడదు. వాంతులు కొత్తగా మొదలైన రోజుల్లో బైకార్బొనేట్‌తో పాటు కొంత సోడియం పోతుంది నిజమే. అలాంటప్పుడు మూత్రంలో క్లోరైడ్ చూస్తే తేలుతుంది, అది బాగా తక్కువగా ఉంటుంది. ఇక్కడ అదీ తక్కువగా లేదు. అంటే ఈమె కిడ్నీ ఉప్పును వదిలేస్తోంది, నీళ్ళను మాత్రం పట్టి ఉంచుతోంది. టీఎస్‌హెచ్ 3.1, థైరాయిడ్ కాదు.

ఇక్కడ చాలామంది ఎస్ఐఏడీహెచ్, అంటే నీళ్ళను పట్టి ఉంచే ఏడీహెచ్ హార్మోను అవసరం లేకుండా ఎక్కువ కావడం, అని రాసి, నీళ్ళు తగ్గించండి అంటారు. నేను కూడా గతంలో రాసినవాణ్ణే. కానీ ఆ పేరు పెట్టాలంటే ముందు థైరాయిడ్, కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథి రెండూ బాగున్నాయని తేలాలి. పుస్తకంలో ఆ వాక్యం అందరం చదువుతాం. థైరాయిడ్ పరీక్ష చీటీలో ఎప్పుడూ ఉంటుంది, అడ్రినల్ తయారుచేసే, బీపీనీ సుగర్‌నీ నిలబెట్టే కార్టిసాల్ మాత్రం ఉండదు. పైగా ఎస్ఐఏడీహెచ్‌లో బీపీ పడిపోదు, సుగర్ పడిపోదు.

ఇంకొక అంకె రాత్రి నుంచీ నా కళ్ళ ముందే ఉంది. తెల్లకణాల విడి లెక్కలో ఇసినోఫిల్స్ అనే రకం 9 శాతం. మన పల్లెల్లో నులిపురుగుల వల్ల, ఉబ్బసం వల్ల ఆ అంకె ఎంతోమందిలో ఉంటుంది కాబట్టి దాన్ని పట్టించుకోం. కానీ బీపీ 88 ఉన్న మనిషిలో, అంత ఒత్తిడిలో ఉన్న శరీరంలో, కార్టిసాల్ సరిగా పనిచేస్తుంటే ఇసినోఫిల్స్ దాదాపు కనపడకుండా పోవాలి. అవి 9 శాతం ఉన్నాయంటే కార్టిసాల్ లేదేమోనని అనుమానించాలి.

అప్పుడు మనిషిని చూశాను. రాత్రి అంకెల్నే చూశానని ఇప్పుడు ఒప్పుకోవాలి. ముఖం గుండ్రంగా ఉంది, చేతులు మాత్రం పుల్లల్లా ఉన్నాయి. ముంజేతి చర్మం ఉల్లిపొరలా పలచబడి, ఊళ్ళో సెలైన్ సూది గుచ్చిన చోటల్లా అరచేయంత మేర నల్లగా కమిలిపోయి ఉంది. చిగుళ్ళలోనూ అరచేతి గీతల్లోనూ నలుపు లేదు. పొటాషియం కూడా మామూలుగానే ఉంది. అడ్రినల్ గ్రంథే దెబ్బతిన్న జబ్బయితే, మన దగ్గర టీబీ వల్ల అలా జరగడం ఇప్పటికీ ఉంది, పొటాషియంను బయటికి పంపే ఆల్డోస్టెరాన్ హార్మోను కూడా పోయి పొటాషియం పెరగాలి, ఒళ్ళు నల్లబడాలి. ఇక్కడ గ్రంథి చెడలేదు, నిద్రపోతోంది. పైనుంచి దాన్ని లేపే సంకేతం రావడం లేదు. గుండ్రటి ముఖం, పలచటి చర్మం చూస్తే ఎవరో చాలాకాలంగా బయటి నుంచి స్టెరాయిడ్ ఇచ్చి దాన్ని నిద్రపుచ్చారని అర్థమవుతోంది.

పొట్లం

"అమ్మా, ఇటు చూడు," అన్నాను. మెడ తిప్పలేదు. భుజాలతో సహా ఒళ్ళంతా ఇటు తిప్పింది.

అప్పుడు ప్రశ్న మార్చాను. "నొప్పులకి ఏం వేసుకుంటావమ్మా?"

కళ్ళు తెరిచి కొంచెం సేపు నన్ను చూసింది. "నొప్పులకా నాయనా? పొట్లం ఏసుకుంటా. అది లేకపోతే పొద్దున్నే లెయ్యలేను గదా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మా చిన్నోడి పెళ్ళికి ముందు నుంచి."

కోడలు లెక్క కట్టి చెప్పింది, ఆరేళ్ళు దాటింది. కొడుకు ఆశ్చర్యపోయి, "అవి నొప్పి బిళ్ళలు సార్, మందులు కాదు," అన్నాడు. ఆ మాట అతను నిజం దాచడానికి అనలేదు, నిజంగానే అలా అనుకుంటున్నాడు. నేను రాత్రి అడిగింది మందుల గురించి. బీపీకి, సుగరుకి, గుండెకి వాడేవి మందులు. నడుం నొప్పికి వేసుకునేది బిళ్ళ. మా ప్రాంతంలో ఈ రెండూ వేరు వేరు మాటలని తెలిసి కూడా నేను తప్పు మాటతో అడిగాను.

ఆవిడ కొంగు చివర ముడి విప్పమని కోడలికి సైగ చేసింది. మడతలు పడి నలిగిన కాగితప్పొట్లం ఒకటి అందులో ఉంది. పసుపు బిళ్ళ ఒకటి, గులాబీ రంగు క్యాప్సూల్ ఒకటి, గోరంత కూడా లేని సన్నటి తెల్లబిళ్ళ ఒకటి. నెల్లూరులో కూతురు వీటిని చూసి, "వీటితో కిడ్నీలు పోతాయంట, ఇక ముట్టుకోవద్దు," అని మిగతా పొట్లాలన్నీ తీసి పారేసిందట. మరీ తట్టుకోలేకపోతే వేసుకుందామని తల్లి ఒక్కటి దాచుకుంది. వేసుకోలేదు. బిడ్డకి మాటిచ్చింది కాబట్టి పదమూడు రోజులుగా దాన్ని కొంగున కట్టుకునే తిరుగుతోంది.

కొడుకు చేత ఊళ్ళో వైద్యం చేసే అతనికి ఫోన్ చేయించి నేనే మాట్లాడాను. దాపరికం లేకుండా చెప్పాడు. పసుపుది నొప్పికి డైక్లోఫెనాక్, క్యాప్సూల్ కడుపులో మంటకి, తెల్లది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ అర మిల్లీగ్రాము. రోజుకి రెండు పొట్లాలు, నొప్పి ఎక్కువైతే మూడు. "అది లేకపోతే వాళ్ళకి పని చేయదు సార్, వేరే దగ్గరికి పోతారు," అన్నాడు. అతని మీద కోప్పడటం తేలిక. ఆ ఊరి నుంచి డాక్టరు దగ్గరికి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు కావాలి. ఆ దూరాన్ని అతని పొట్లం పూడుస్తోంది. అయినా డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు అది. ఆరేళ్ళు అలా ఇవ్వడం వల్ల ఒక మనిషి చావు దాకా వచ్చింది. ఈ రెండూ అతనికి అదే ఫోన్‌లో చెప్పాను.

అర మిల్లీగ్రాము అనగానే అదేం లెక్క అనిపిస్తుంది. 0.75 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌కి, 20 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్‌కి (మందు రూపంలోని కార్టిసాల్) సమానం. రోజుకి రెండు తెల్లబిళ్ళలంటే 27 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్. శరీరం ఒక రోజంతా తయారుచేసుకునే కార్టిసాల్ కంటే ఇది ఎక్కువ. పైగా డెక్సామెథసోన్ ప్రభావం ఒంట్లో చాలాసేపు ఉంటుంది, రెండు పూటలా వేసుకుంటే, మెదడు కింద ఉండి అడ్రినల్‌ని పని చేయించే పిట్యూటరీ గ్రంథికి ఊపిరి తీసుకునే వ్యవధి కూడా దొరకదు. ఈ మోతాదులో మూడు నాలుగు వారాలు దాటితే చాలు, గ్రంథి అణిగిపోయి ఉండొచ్చని అనుకోవాలి. ఈవిడ ఆరేళ్ళు వేసుకుంది.

రక్తం కార్టిసాల్‌కి తీయించి, సూది ఇంకా చేతిలో ఉండగానే హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాములు నరంలోకి ఇచ్చేశాం. రిపోర్టు కోసం ఆగలేదు, ఆగకూడదు కూడా. అడ్రినల్‌ని లేపే సంకేతమైన ఏసీటీహెచ్‌కి రక్తం పంపలేదు. దాన్ని మంచులో పెట్టి పంపాలి, ఖర్చెక్కువ, వచ్చినా ఈ పూట చేసే వైద్యం మారదు. కార్టిసాల్ మర్నాడు వచ్చింది, 1.8. అంత జబ్బుతో ఉన్న మనిషిలో అది 18 దాటి ఉండాలి. ఒక విషయం ఇక్కడే చెప్పాలి. డెక్సామెథసోన్ కార్టిసాల్ పరీక్షలో కలవదు, ప్రెడ్నిసొలోన్ మాత్రం కలుస్తుంది, అంకెను పెంచి చూపిస్తుంది. పొట్లంలో ఏ స్టెరాయిడ్ ఉందో, చివరి బిళ్ళ ఎప్పుడు వేసుకున్నారో తెలియకుండా కార్టిసాల్ చదివితే మోసపోతాం.

బాగుపడటంలో ఉన్న ప్రమాదం

మధ్యాహ్నం రెండింటికి బీపీ 104/66. ఆవిడ టీ అడిగింది. వార్డులో అందరి ముఖాలూ తేటపడ్డాయి. నాకు మాత్రం అసలు భయం అప్పుడే మొదలైంది.

కార్టిసాల్ లేనప్పుడు ఏడీహెచ్‌ని అదుపు చేసేది ఉండదు. అందుకే కిడ్నీ నీళ్ళను పట్టి ఉంచుతుంది. హైడ్రోకార్టిసోన్ అందిన కొన్ని గంటల్లో ఆ పట్టు ఒక్కసారిగా వదులుతుంది, నీళ్ళన్నీ మూత్రంగా బయటికి వచ్చేస్తాయి, సోడియం మనం ఏమీ చేయకుండానే పరుగెడుతుంది. రోజుల తరబడి తక్కువ సోడియంకి అలవాటుపడ్డ మెదడు ఆ వేగాన్ని తట్టుకోలేదు. రెండు మూడు రోజులు బాగున్నట్టు ఉండి తర్వాత మాట పోవచ్చు, మింగలేకపోవచ్చు, కాళ్ళూ చేతులూ పడిపోవచ్చు. ఆస్మాటిక్ డీమైలినేషన్ అంటాం. తిండి సరిగా లేక చిక్కిపోయిన మనుషుల్లో ఆ ముప్పు ఇంకా ఎక్కువ. అందుకే ఈవిడకి 24 గంటల్లో 8కి మించి పెరగకూడదని గీత గీసుకున్నాను.

మూత్రం గొట్టం పెట్టి గంటగంటకీ కొలిపించాను. మూడు గంటల నుంచి గంటకి 350, 400 మిల్లీలీటర్లు రావడం మొదలైంది, నీళ్ళలా తెల్లగా ఉంది. మధ్యాహ్నం రెండింటికి 117 ఉన్న సోడియం సాయంత్రం ఆరింటికి 121. పొద్దున్న 113 నుంచి చూస్తే పన్నెండు గంటల్లోనే రోజు కోటా అయిపోయింది. నార్మల్ సెలైన్ తీసేశాం. ఉప్పు లేని 5 శాతం డెక్స్‌ట్రోజ్ మొదలుపెట్టాం. ఏడీహెచ్‌లా పనిచేసి మూత్రాన్ని తగ్గించే డెస్మోప్రెసిన్ సూది మా దగ్గర లేదు, కొడుకు పట్నమంతా తిరిగి మూడో మందుల షాపులో సంపాదించాడు. 2 మైక్రోగ్రాములు ఇచ్చాక గంటలో మూత్రం తగ్గింది. అర్ధరాత్రి సోడియం 120, మర్నాడు ఆరింటికి 121. ఆ తర్వాత మెల్లగా 127, 132.

సోడియం తక్కువైందని పొద్దున కంగారుపడి, పెరుగుతోందని సాయంత్రం నీళ్ళు ఎక్కించడం ఏమిటని డ్యూటీ డాక్టర్ అడిగాడు. ప్రశ్న న్యాయమైనదే. ఆ రాత్రి అతనితో పాటు కూర్చుని నాలుగు గంటలకోసారి అంకెలు గ్రాఫు కాగితం మీద పెట్టాం. సోడియం కేసులో ఎంతకు చేరాలన్న దానికంటే ఎంత వేగంగా చేరుతోందన్నదే ముందు చూడాలని ఆ గీత చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

హైడ్రోకార్టిసోన్ మొదటి రోజు ఆరు గంటలకోసారి 50 మిల్లీగ్రాములు, నాలుగో రోజుకి నోటి ద్వారా పొద్దున 10, మధ్యాహ్నం 5, సాయంత్రం 5. డైక్లోఫెనాక్ లేకపోవడం, నీళ్ళు అందడం వల్ల క్రియాటినిన్ 1.1కి దిగింది.

నొప్పి ఎక్కడిది

ఇక్కడితో డిశ్చార్జి చేస్తే నెల తిరగకుండా ఆవిడ మళ్ళీ పొట్లం దగ్గరికే వెళ్తుంది. ఆరేళ్ళు ఆ బిళ్ళ ఎందుకు కావలసివచ్చిందో చూడాలి.

గడ్డం గుండెకి ఆనించమంటే నాలుగు వేళ్ళ దూరంలో ఆగిపోయింది. చేతులు తల వెనక కలపలేకపోయింది. మోకాళ్ళు వంచకుండా నేలను తాకమంటే వంగనే లేదు. ఈ మూడింటికీ రెండు నిమిషాలు చాలు, ఏ యంత్రమూ అక్కర్లేదు. పళ్ళ మీద గోధుమరంగు పట్టీలు ఉన్నాయి. ఎక్స్‌రేలో నడుం ఎముకలు, కటి ఎముకలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ముంజేతి రెండు ఎముకల మధ్య ఉండే పొర ముళ్ళకంచెలా గట్టిపడి ఉంది. ఎముకల్లో మార్పులున్నప్పుడు పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 312, విటమిన్ డి 14. ఆరేళ్ళు స్టెరాయిడ్ మింగిన మనిషి ఎముకలు ఎక్స్‌రేలో పలచగా కనపడాలి. ఇవి రాయిలా కనపడుతున్నాయి. మగవాళ్ళలో ఇలాంటి ఎక్స్‌రే చూస్తే ప్రోస్టేట్ క్యాన్సర్ పాకిందేమో ఆలోచించాలి. ఈవిడ విషయంలో రొమ్ములు పరీక్ష చేసి, కిడ్నీల స్కానింగ్ చూశాక అనుమానం మిగల్లేదు. ఫ్లోరోసిస్, నీళ్ళలోని ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుని వచ్చే జబ్బు.

ఎముక తెల్లగా ఉందంటే గట్టిగా ఉందని కాదు. ఎముకల అరుగుదలకి ఒకప్పుడు ఫ్లోరైడ్‌నే మందుగా వాడి చూశారు. 1990లో వెలువడిన అమెరికా పరిశోధనలో వెన్నెముక సాంద్రత బాగా పెరిగింది కానీ వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు, మిగతా ఎముకలు విరగడం పెరిగింది. అందుకే ఈవిడ విషయంలో ఎక్స్‌రే చూసి స్టెరాయిడ్ ఎముకల్ని వదిలేసిందని నేను అనుకోలేదు. కాల్షియం, విటమిన్ డి ఇచ్చాను. కాళ్ళలో బిగుసుకుపోవడం ఉందేమో, మోకాలి రిఫ్లెక్సులు ఎగురుతున్నాయేమో, అరికాలి రిఫ్లెక్స్ ఎటు పోతోందో చూశాను. గట్టిపడ్డ లిగమెంట్లు వెన్నుపాముని నొక్కితే కాళ్ళు పడిపోతాయి. ఈవిడకి ఇంకా అంతదాకా రాలేదు.

ఈ జబ్బు మా నేలకి కొత్త కాదు. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి రాశారు. మన దేశంలో ఈ జబ్బుని వైద్యలోకం ముందుగా గుర్తించింది ఆ రోజుల్లోనే. కనిగిరి, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరు జిల్లాలోనివి, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. జిల్లా పేరు మారినా కింది రాయి మారలేదు. రాతి పొరల్లోంచి నీళ్ళలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. వానలు తక్కువైనకొద్దీ బోర్లు లోతుకి పోతాయి, నీళ్ళు రాతితో ఎక్కువకాలం కలిసి ఉంటాయి. తాగేనీటికి మన దేశ ప్రమాణం లీటరుకి 1 మిల్లీగ్రాము, వేరే గతి లేకపోతే 1.5 వరకు. కొడుకు చేత వాళ్ళ బోరు నీళ్ళు ప్లాస్టిక్ సీసాలో తెప్పించి పరీక్ష చేయిస్తే 4.2 వచ్చింది.

"మేం క్యాను నీళ్ళే తాగుతున్నాం సార్, రెండేళ్ళ నుంచి," అన్నాడు.

"అన్నం దేంతో వండుతారు?"

కోడలు చెప్పింది. "బోరు నీళ్ళే సార్. పప్పులోకీ, టీలోకీ అవే. కాగుతాయి గదా అని."

కాచితే సూక్ష్మక్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్ళలో అది ఇంకా చిక్కబడుతుంది. బియ్యం ఎసరుని పీల్చుకున్నట్టే దానిలోని ఫ్లోరైడ్‌నీ పీల్చుకుంటుంది. టీ ఆకులో దానికదే కొంత ఉంటుంది. క్యాను కొంటున్నాం కాబట్టి మాకేం భయం లేదనుకునే ఇళ్ళలో ఎసట్లోకి ఏ నీళ్ళు పోస్తున్నారో అడగడం ఈ కేసు నుంచే మొదలుపెట్టాను. తాగడానికీ వంటకీ కలిపి రెండు క్యాన్లు తెచ్చుకోండి, స్నానానికీ గేదెలకీ బోరు నీళ్ళు వాడుకోండి అని చెప్పాను. గేదెల మాట అంటున్నప్పుడు నా మనసొప్పలేదు. ఈ జబ్బుని ఒకప్పుడు రైతులు ముందుగా తమ ఎడ్ల నడకలోనే గమనించారని చెబుతారు. వాటికి వేరే నీళ్ళు ఎక్కడి నుంచి తెమ్మనాలో నాకు తోచలేదు.

ఇంటికి వెళ్ళాక

డిశ్చార్జి రోజు కూతురు పసిబిడ్డను ఎత్తుకుని నెల్లూరు నుంచి వచ్చి ఏడ్చింది. తను ఆపించబట్టే ఇలా అయిందని. "నువ్వు చెప్పింది నిజమే తల్లీ, అవి వేసుకోకూడనివే," అన్నాను. ఆపే పద్ధతి చెప్పాల్సింది మేము. మా ఓపీల్లో ఎన్నిసార్లు "ఆ పొట్లాలు రేపటి నుంచి మానెయ్యండి" అని ఒక్క మాటలో చెప్పి పంపించి ఉంటానో లెక్క లేదు. అలా ఇంటికెళ్ళి ఇలాగే వాంతులతో ఇంకో ఆసుపత్రిలో చేరినవాళ్ళు ఉండి ఉంటారు. ఇప్పుడు స్టెరాయిడ్ అని తేలితే, లేదా గట్టి అనుమానం ఉంటే, ముందు దాన్ని 5 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్‌కో హైడ్రోకార్టిసోన్‌కో మారుస్తాను, నొప్పి బిళ్ళ ఒక్కటే ఆ రోజు ఆపుతాను. తగ్గించేటప్పుడు ఒళ్ళు నొప్పులు, నిస్సత్తువ వస్తాయని ముందే చెబుతాను. చెప్పకపోతే పాత జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్ళీ పొట్లం వెతుక్కుంటారు.

నొప్పికి పారాసెటమాల్ ఇచ్చాం, ఫిజియోథెరపీ నేర్పించాం. నిజం చెప్పాలంటే తెల్లబిళ్ళ ఇచ్చిన సుఖం వీటిలో దేనికీ లేదు. ఆవిడతో ఆ మాట దాచలేదు. ఎముకలో చేరిన ఫ్లోరైడ్ ఏళ్ళ మీద గానీ దిగదు.

ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసిచ్చాను: "ఈమె శరీరంలో స్టెరాయిడ్ తయారు కావడం లేదు. జ్వరం వస్తే బిళ్ళల మోతాదు రెట్టింపు చేయాలి. వాంతులైనా, స్పృహ తగ్గినా, ప్రమాదం జరిగినా, ఆపరేషన్ అయినా ముందు హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాముల సూది వేయండి." కోడలు దాన్ని పాలిథిన్ కవర్లో పెట్టి బియ్యం డబ్బా మీద గోడకి తగిలించింది. రెండో నెలలో జ్వరం వస్తే ఆ అట్ట చూసే నాకు ఫోన్ చేసి మోతాదు పెంచింది. ఆసుపత్రి దాకా రావలసిన పని పడలేదు.

పొద్దున్నే, ఆ రోజు బిళ్ళ వేసుకోకముందు కార్టిసాల్ చూస్తూ వచ్చాం. మూడో నెల 3.4, ఏడో నెల 7.2, పదకొండో నెల 11.6. యూరోపియన్ ఎండోక్రినాలజీ సొసైటీ, అమెరికా ఎండోక్రైన్ సొసైటీ కలిసి 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం 10 దాటితే గ్రంథి మేలుకున్నట్టు లెక్క, 5 లోపు ఉంటే కొనసాగించి కొన్ని నెలల తర్వాత మళ్ళీ చూడాలి. రోజూ వేసుకునే బిళ్ళ ఆపేశాం. అట్టముక్క మాత్రం తీయవద్దన్నాను.

ఆ చివరి విజిట్‌కి కోడలు తన ఏడేళ్ళ కొడుకుని వెంట తీసుకొచ్చింది. కోడలిది చీరాల వైపు. పళ్ళు తెల్లగా, మచ్చ లేకుండా ఉంటాయి. పంటి పైపొర చిన్నతనంలోనే తయారవుతుంది కాబట్టి పెళ్ళయి ఈ ఊరికొచ్చాక తాగిన నీళ్ళు ఆమె పళ్ళ మీద కనపడవు, ఎముకల్లో మాత్రం చేరుతూనే ఉంటాయి. పిల్లవాడు నా టేబుల్ మీది టార్చి లైటు అడిగాడు. ఇచ్చి, నోరు తెరువు నాన్నా అన్నాను. కొత్తగా వచ్చిన రెండు ముందు పళ్ళ మీద అడ్డంగా సుద్ద గీసినట్టు తెల్లటి చారలున్నాయి.

బడిలో ఏ నీళ్ళు తాగుతావని అడిగాను. "బోరింగు కాడ," అన్నాడు. కోడలు నా ముఖం చూసింది. ఆ బోరింగు నీళ్ళు పట్టి పంపడానికి ఖాళీ సీసా ఒకటి కడిగి ఆమె చేతికిచ్చాను.